నాకు జ్వరం రాలేదు

“బాగైతే ఎట్ల మరి?” అన్నాడు కొమురెల్లి అన్న, చీకిన ఎముకను పళ్ళెం అంచున పెడుతూ.

ఆదివారం మధ్యాహ్నం. నేను ఆయన పళ్ళెంలోకి రెండోసారి కూర వడ్డిస్తున్నాను. కొమురెల్లి అన్న మా ఆయన సదానందానికి మేనత్త కొడుకు, బావ వరస. ఆ వరసన నాకు అన్న. గనిలో మోకాళ్ళు అరిగిపోయి, మెడికల్ బోర్డు ముందు నిలబడి, అన్‌ఫిట్ అయి, ఆ నౌకరి కొడుక్కి ఇప్పించుకున్న మనిషి. మా గోదావరిఖనిలో అట్లాంటి మనిషి మాటకు విలువ ఎక్కువ. ఎక్కడైనా ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే బాగుపడాలని కోరుకుంటారు. మా బొగ్గు బాయిల దగ్గర, ఇంట్లో పని లేని కొడుకు ఉంటే, జబ్బు మనిషి ముఖం చూసి ముందు ఇంకొకటి ఆలోచిస్తారు. ఇక ఈ మనిషి పనికి పనికిరాడని బోర్డు తేల్చితే ఆ పని కొడుక్కి వస్తుంది కదా అని. నడుము పోయినవాళ్ళు, ఊపిరి అందనివాళ్ళు, నిజంగానే లేవలేక బోర్డుకు పోయేవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళను నేను ఏమీ అనను. కానీ ఆ రోజు నా వంట తింటూ, నా ఎదురుగానే, నేను బాగుపడడం ఒక ఆపద అన్నట్టు మాట్లాడుకున్నారు ఇద్దరూ.

“ఇప్పుడైతే చెల్లె రూపం చూస్తె చాలు,” అన్నాడు కొమురెల్లి అన్న. “మొఖం గుంజుకపోయింది, పెయ్యిల నెత్తురు లేదు. బోర్డుల డాక్టర్లు ఒక్కపారి చూస్తె రాసేస్తరు. డాక్టరు రాసిన గా సూది పడ్డదనుకో, నెల తిరిగేసరికి బుగ్గలొస్తయి. అప్పుడెవడిస్తడు అన్‌ఫిట్?”

“గదే నేను కూడ అంటున్న బావా. బోర్డు అయినంక సూది ఏపిచ్చుకుంటె అయిపాయె. సూది యాడికి పోతది?” అన్నాడు మా ఆయన.

“కూరల ఉప్పు జర తక్కువైంది చెల్లె.”

ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆ కూర నేను రుచి చూడలేదు. కారం, మసాలా, మాంసం ఏది లోపలికి పోయినా ఆ సాయంత్రమంతా నేను లెట్రిన్‌లోనే. మెత్తగా ఉడికిన అన్నం, పల్చటి పెసరపప్పు కట్టు, అదే నా తిండి. అది కూడా అందరి వంటా అయ్యాక, పొయ్యి ఖాళీ అయ్యాక.

నా జబ్బుకు ఒక ఇంగ్లిషు పేరుంది. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. పెద్దపేగు లోపలి పొరంతా పుండ్లు. బయటి రోగాలతో కొట్లాడాల్సిన ఒంటి శక్తి దారి తప్పి సొంత పేగుతోనే కొట్లాడుతుందట. పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకునే జబ్బు అన్నాడు. కడుపులో ఒక్కసారిగా మెలి పెడుతుంది, ఇక ఆగేది లేదు. జిగురు, నెత్తురు. పోయి వచ్చి చేతులు తుడుచుకునేలోపు మళ్ళీ. మా క్వార్టరులో ఉన్నది ఒకటే లెట్రిన్. “దాన్ని ఈమెకే రాసిచ్చినట్టు కూసుంటది,” అంటుంది మా అత్త సారవ్వ తలుపు బయట నిలబడి, నాకు వినపడాలనే. “డాడీ, నాకు లేటైతుంది,” అంటాడు కొడుకు ప్రశాంత్. నాతో కాదు, నా మీద వాళ్ళ నాన్నకు ఫిర్యాదు. ఎక్కడికి లేటవుతుందో నాకు తెలియదు. ఇంజనీరింగు మధ్యలో ఆపేసి ఇంట్లోనే ఉంటున్నాడు. నేను లోపల పళ్ళు కరుచుకుని, అయ్యో ఇందరిని ఆపుతున్నానే అని తొందరపడేదాన్ని. నెత్తురు పోతున్న మనిషి బయటివాళ్ళకు సంజాయిషీ చెప్పుకుంటూ తలుపు తీయడం ఎంత వింతో అప్పుడు తోచలేదు. ఆ లెట్రిన్ కడిగేది కూడా నేనే. నేను పాడు చేసినప్పుడే కాదు, ఎవరు పాడు చేసినా.

గని మీద నా పని ల్యాంప్ రూంలో. బాయిలోకి దిగేవాళ్ళ నెత్తి మీద పెట్టుకునే దీపాలు చార్జింగు పెట్టడం, అద్దాలు తుడవడం, షిఫ్టు మారేటప్పుడు కిటికీలోంచి ఒక్కొక్కరికీ అందించడం. షిఫ్టు మారే సమయంలోనే నా కడుపుకు కూడా గుర్తొస్తుంది. ఆడవాళ్ళ లెట్రిన్ ఆఫీసు వెనక ఉంటుంది, దాని తాళంచెవి క్లర్కు టేబులు సొరుగులో. “మళ్ళా వచ్చినవా యమునక్కా? నీ డ్యూటీ ఈడ్నే వేసుకోరాదా?” అనేవాడు సొరుగు తీస్తూ, పక్కవాళ్ళను చూసి నవ్వుతూ. ఆ తాళంచెవి కోసం చేయి చాపి నేను కూడా నవ్వేదాన్ని. నవ్వకపోతే ఇవ్వడేమోనని. కిటికీ దగ్గర బాయిపని వాళ్ళు మాత్రం, నేను పరుగెత్తడం చూస్తే, ఏమీ అనకుండా గోడ నీడలో నిలబడి బీడీలు వెలిగించుకునేవాళ్ళు. ఒకాయన తిరిగి వచ్చిన నాతో, “నిమ్మలంగ రా అక్కా, బొగ్గు యాడికీ పోదు,” అన్నాడు ఒకసారి. ఆ ఒక్క మాటను దాచుకుని నేను ఎన్ని రోజులు బతికానో. నాకు అలవాటే అది. ఎవరైనా రవ్వంత మంచిగా ఉంటే చాలు, మిగతా రోజంతా మరిచిపోయేదాన్ని. మా అత్త ఎప్పుడైనా “ముందుగాల నువ్వు పోయిరా” అని పక్కకు జరిగితే నా కళ్ళు తడిసేవి. ఇప్పుడు తలుచుకుంటే ఆ తడి మీదే నాకు కోపం.

మొదట మాత్రలు పనిచేశాయి. తర్వాత పనిచేయలేదు. తర్వాత స్టిరాయిడ్లు. వాటితో ముఖం గుండ్రంగా ఉబ్బింది. “ఇప్పుడు జర పుష్టిగ కనపడుతున్నవ్,” అన్నాడు మా ఆయన సంతోషంగా. రాత్రుళ్ళు నిద్ర లేక, ఎముకలు గుల్లయి, మెట్టు దిగితే మడమ కలుక్కుమంటుంటే, పుష్టిగా ఉన్నానట. వాటిని తగ్గిస్తే జబ్బు మళ్ళీ పైకి లేచేది, ఆ పుష్టి కూడా పోయి ముఖం గుంజుకుపోయేది. చివరికి కరీంనగర్‌లో పేగుల డాక్టరు తేల్చి చెప్పాడు. “ఇక నరంలోకి ఎక్కించే మందు మొదలుపెట్టాలి. ఆలస్యం చేస్తే పేగు తీసేసి పొట్ట మీద సంచి పెట్టాల్సిన పరిస్థితి రావొచ్చు.” మా బొగ్గు కంపెనీ దవాఖాన వాళ్ళు కూడా అక్కడికే పొమ్మని రాసిచ్చారు. మందు తయారుగా ఉంది, దవాఖాన తయారుగా ఉంది. తయారుగా లేనిది మా ఇల్లు.

ఆ నౌకరి నాకెట్లా వచ్చిందో కూడా చెప్పాలి. మా నాయిన బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆయన బదులు అవ్వకు, అంటే మా అమ్మకు, పని ఇస్తామన్నారు. అవ్వ, “నాకొద్దు, నా బిడ్డకియ్యుండ్రి,” అంది. తను పొలాల్లో కూలికి పోయింది. నౌకరి ఉన్న పిల్లనని సదానందం నన్ను చేసుకున్నాడు, ఆ సంగతి పెళ్ళినాడే వాళ్ళవాళ్ళు భోజనాల దగ్గర చెప్పుకుంటుంటే విన్నాను. తర్వాత ఆయన సెల్‌ఫోన్ల షాపు పెట్టాడు, కర్రీ పాయింట్ పెట్టాడు, ఇప్పుడు ప్లాట్లు చూపిస్తానని తిరుగుతున్నాడు. ఇల్లు నడిచింది ల్యాంప్ రూం మీద. నాయిన ప్రాణం పోతే నాకొచ్చింది. ఇప్పుడు నా ప్రాణం కొంచెం కొంచెంగా పోతే నా కొడుక్కి వస్తుంది. ఇంత తేలికగా ఎట్లా ఆలోచించగలిగారా అని ఆ ఆదివారం గిన్నెలు తోముతూ ఆలోచించాను. కోపం రాలేదు అప్పటికి. నాకు కోపం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది, అందరికీ వడ్డించాక తినేదానిలాగే.

“నేను మాత్రం మంగళారం పోత. డాక్టరు ఆలస్యం చెయ్యొద్దన్నడు,” అన్నాను ఆ సాయంత్రం.

గొడవ చేస్తాడనుకున్నాను. సదానందం ఫోన్ చూసుకుంటూ, “సరే తియ్, పోదాం. నేను కూడ వస్త,” అన్నాడు.

అంత తొందరగా ఒప్పుకున్నందుకు నాకు మనసులో దయ పుట్టింది. కొమురెల్లి అన్న ముందు మాట కాదనలేక అన్నాడేమో, లోపల నా గురించి బెంగ ఉందేమో అనుకున్నాను. మందుకు ముందు చేయాల్సిన పరీక్షలు అంతకుముందే అయ్యాయి, అప్పుడు కూడా ఆయన చాలా శ్రద్ధగా అడిగాడు. ఛాతీ ఎక్స్‌రే ఎందుకని, ముంజేతి మీద చిన్న సూది వేసి వాస్తుందా లేదా అని చూడడం ఎందుకని. టీబీ ఒంట్లో ఎక్కడైనా నిద్రపోతూ ఉంటే ఈ మందు దాన్ని లేపుతుందని, అందుకే ముందు చూస్తారని చెప్పాను. “అంటె అది ఉంటె సూది ఇయ్యరా?” అన్నాడు. “ముందుగాల దానికి మందులిస్తరట,” అన్నాను. పచ్చకామెర్ల పరీక్ష కూడా అయింది. అన్నీ మంచిగా వచ్చాయని చెప్పినప్పుడు ఆయన కాసేపు ఏమీ అనలేదు. దవాఖాన వాళ్ళిచ్చిన సూచనలు నేనే గట్టిగా చదివి వినిపించాను. ఏమైనా తిని రావాలి, నీళ్ళు బాగా తాగాలి, వదులు చేతుల జాకెట్టు వేసుకోవాలి, తోడుగా ఒకరు రావాలి, జ్వరం గానీ దగ్గు గానీ ఏ ఇన్ఫెక్షనైనా ఉంటే ముందే చెప్పాలి, ఆ రోజు మందు ఎక్కించరు.

మంగళవారం పొద్దున కరీంనగర్ బస్సులో సదానందం కిటికీ సీటు నాకిచ్చాడు. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీల వెనక బస్సు నత్తలా పోతుంటే, “కడుపుల ఎట్లున్నది?” అని రెండుసార్లు అడిగాడు. పెద్దపల్లిలో దిగి నీళ్ళ సీసా కొనుక్కొచ్చాడు. నేను ఆయన వైపు చూసి నవ్వాను.

మందు ఎక్కించే గది దవాఖాన రెండో అంతస్తులో. వెనక్కి వాలే కుర్చీలు వరుసగా, ఒక్కో కుర్చీకి ఒక్కో నీలం పరదా. ఏసీ చలి. పక్క కుర్చీలో శాలువా కప్పుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, అప్పటికే ఆవిడ చేతికి గొట్టం పెట్టి ఉంది. శోభ అనే నర్సు నా బరువు చూసింది, బీపీ చూసింది, రక్తం తీసి పరీక్షకు పంపింది. నా చేతి నరం దొరక్కపోతే గోరువెచ్చటి నీళ్ళ గుడ్డ తెచ్చి చేతికి చుట్టి, “గీ చలికి నరాలు దాసుకుంటయ్ అమ్మా, జర ఎచ్చబడనీ,” అంది. తర్వాత కాగితాలున్న అట్ట పట్టుకుని అడగడం మొదలుపెట్టింది. 

“జ్వరం ఉన్నదా?”

“లేదు.”

“దగ్గు, పంటి నొప్పి, మూత్రంల మంట?”

“ఏం లేవు.”

“రాత్రి జ్వరమొచ్చింది సిస్టర్,” అన్నాడు సదానందం.

నా వెనక నిలబడి ఉన్నాడు. చాలా మెల్లగా, చాలా బాధగా అన్నాడు. “పెయ్యి కాలిపోయింది. దగ్గింది కూడ. ఈమె చెప్పది, ఓర్చుకుంటది. అలవాటు.”

శోభ పెన్ను అట్ట మీద పెట్టింది. “గట్లయితె ఇయ్యాల కష్టమే. గీ మందు రోగంతోని కొట్లాడే శక్తిని తగ్గిస్తది. లోపల ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఇస్తే పెద్దగైతది. సార్‌కు చెప్పి వేరే తారీఖు ఇప్పిస్త.”

ఆ క్షణంలో నేను ఏం చేశానో చెప్తే మీకు నవ్వొస్తుంది. నా చేయి ఎత్తి నా మెడ మీద పెట్టుకుని చూసుకున్నాను. రాత్రి నాకు జ్వరం వచ్చిందా? నాకు తెలియకుండా వచ్చిందా? ఇన్నేళ్ళ కాపురంలో నా ఆకలి, నా అలసట, నా నొప్పి ఎంత ఉందో ఆయన చెప్తేనే నేను నమ్మడం ఎంతగా అలవాటయిందంటే, నా ఒంటి వేడి కూడా ఆయన మాట మీద వెతుక్కున్నాను. మెడ చల్లగా ఉంది. ఆ తర్వాతే ఒక్కొక్కటీ మనసులోకి వచ్చి కూర్చున్నాయి. ఎక్స్‌రే ఎందుకని అడిగిన శ్రద్ధ. టీబీ లేదంటే మాట రాకపోవడం. నేనే చదివి వినిపించిన సూచనలు. కిటికీ సీటు. నీళ్ళ సీసా. ఆయన నాతో పోట్లాడలేదు, ఎందుకంటే పోట్లాడాల్సిన అవసరమే లేదు. మంచి భర్తలాగా తోడు వచ్చి, మంచి భర్తలాగా ఒక్క మాట చెప్తే చాలు. ఎవరైనా ఆయన్నే నమ్ముతారు. నేను కూడా నమ్మబోయాను.

“నాకు జ్వరం రాలేదు,” అన్నాను.

“యమునా, ఊకో. దవాఖానల అబద్ధాలాడొద్దు,” అన్నాడు ఆయన. శోభ వైపు చూసి చిన్నగా నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకు తెలుసు. ఆడవాళ్ళు ఇట్లానే ఉంటారు సిస్టర్ అనే నవ్వు.

“థర్మామీటర్ పెట్టు సిస్టర్. రాత్రి నాకు జ్వరం రాలే. దగ్గు రాలే. నేను పొద్దుగాల ముగ్గురికి టిఫిన్ చేసి, లెట్రిన్ కడిగి, బట్టలు పిండి వచ్చిన. జ్వరమున్నదాన్ని గవి ఎట్ల చేయనిచ్చిండో ఆయన్నడుగు.”

పక్క కుర్చీలో పెద్దావిడ చేతిలోని పత్రిక దించింది.

థర్మామీటరులో జ్వరం లేదు. అయినా డాక్టరు వచ్చి చెప్పాలి. డాక్టర్ వినీత్ వచ్చాడు, చిన్నవాడు, నెమ్మదైన మనిషి. రక్తం రిపోర్టు చూశాడు. చూసి, నా తల మీదుగా మా ఆయన్ని అడిగాడు. “ఎంత జ్వరం వచ్చింది? చలితో వచ్చిందా? ఎన్నిసార్లు దగ్గింది?”

“గొంగడి కప్పిన సార్. వణికింది,” అన్నాడు సదానందం. అబద్ధం ఒకసారి దారిలో పడ్డాక ఎంత సాఫీగా పోతుందో. 

“ఈమె లేదంటున్నారు, మీరు ఉందంటున్నారు. ఇద్దరూ ఒక మాట మీదికి రండి,” అన్నాడు డాక్టరు.

నాకు కోపం వచ్చింది. ఆలస్యంగా కాదు, అప్పుడే వచ్చింది. కడుపులోంచి కాదు, ఇంకా కిందినుంచి, ఏ దీపమూ దిగని లోతునుంచి వచ్చింది. “ఇటు చూడుండ్రి సార్,” అన్నాను. గదిలో అందరూ చూశారు. “పేషెంటు ఎవరు? నెత్తురు ఎవరిది పోతుంది? నా పెయ్యి వేడెక్కిందా లేదా అని ఆయన్నెందుకు అడుగుతరు? ఒక మాట మీదికి రావడానికి ఇదేమన్న పంచాయితీయా? ఆయనకు నేను బాగుపడొద్దు సార్. నేను గిట్లనే ఉంటె బోర్డు నన్ను అన్‌ఫిట్ చేస్తది, నా నౌకరి మా కొడుక్కొస్తది. అందుకని జ్వరం తెచ్చిండు. నా ఛాతీ చూడుండ్రి, గొంతు చూడుండ్రి, ఇంకో పరీక్ష చేస్తమన్నా చేయించుకుంట. కాని ఇంక ఆయన నోటితోని నా జబ్బు వినకుండ్రి.”

డాక్టరు ముఖం ఎర్రబడింది. ఆయన మంచివాడే, అందుకే ఎర్రబడింది. “సారీ అమ్మా,” అన్నాడు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. గొంతులో లైటు వేసి చూశాడు, వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి పీల్చమన్నాడు, కడుపు నొక్కి చూశాడు. ఇన్ఫెక్షన్ జాడ ఏమీ లేదని శోభకు చెప్పాడు. తర్వాత నన్నే అడిగాడు. “ఎక్కిద్దామా?”

సదానందం వంగి నా చెవి దగ్గర, “పోరని బతుకు పాడు చేస్తున్నవ్,” అన్నాడు.

శోభ చిన్న సీసాలు తెచ్చింది. అడుగున తెల్లటి పొడి, అంతే. “కలిపినంక పక్కన పెట్టుడు కుదరదు అమ్మా. అప్పుడే ఎక్కియ్యాలె, లేకపోతె పారెయ్యాలె. కలపాల్నా?” అని నా కళ్ళలోకి చూసి అడిగింది.

“కలుపు,” అన్నాను.

నీళ్ళ మందు పోసి సీసాను ఊపకుండా రెండు అరచేతుల మధ్య మెల్లగా తిప్పింది, చంటిపిల్లకు నూనె రాసినట్టు. ఊపితే నురగ వచ్చి మందు చెడుతుందట. సదానందం చూస్తూ చూస్తూ బయటికి వెళ్ళిపోయాడు.

ముందు ఒక మాత్ర, నరంలో ఒక చిన్న ఇంజెక్షన్ ఇచ్చారు, ఒళ్ళు దద్దుర్లు ఎక్కకుండా. కళ్ళు మూతలు పడ్డాయి. చుక్క చుక్కగా మొదలైంది. నొప్పి ఏమీ లేదు. ఇంతేనా అనిపించింది. చేయి లోపల చల్లగా ఒక దారం జారుతున్నట్టు, అంతే. “ఏం జేసినా నాకు చెప్పాలె. దురద, ఛాతీల బరువు, గొంతు పట్టేసినట్టు, చలి, తలనొప్పి, ఏదున్నా సరే. ఓర్చుకోవద్దు,” అని చెప్పి బీపీ పట్టీ చేతికి చుట్టింది శోభ.

పక్కావిడ పేరు అరుణకుమారి. బసంత్‌నగర్‌లో స్కూలు టీచరుగా చేసి రిటైరయిందట. వాళ్ళది తెనాలి వైపు, భర్త సిమెంటు ఫ్యాక్టరీ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆవిడకు కీళ్ళవాతం. ఆ జబ్బుకూ ఇదే మందు.

“మొదటిసారా అమ్మాయ్? భయపడకు. మళ్ళీ రెండు వారాలకి రమ్మంటారు, తర్వాత కాస్త ఎడం ఇస్తారు, ఆ తర్వాత రెండు నెలలకోసారి. ఇవాళ సాయంత్రం నీరసంగా ఉంటుంది. ఇంటికెళ్ళి పనిలో పడకు, పడుకో. నీకు తేడా తెలియడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. రేప్పొద్దున్నే ఏమీ కాలేదని బెంబేలు పడొద్దు. జ్వరం వస్తే మాత్రం...” అని ఆగి, నా వైపు చూసి నవ్వింది. “నిజంగా వస్తే మాత్రం, వెంటనే ఫోన్ చెయ్యి.”

నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు అదే మొదటి నవ్వు.

“మీ సార్ మంచిగ చూసుకుంటడా మేడం?” అని అడిగాను.

“మా ఆయనా? నా వేళ్ళు వంకర పోయాయని నేను ఏడుస్తుంటే, చపాతీలు వంకర పోతున్నాయని ఆయన బాధపడ్డారమ్మా,” అంది ఆవిడ. “ఇప్పుడు ఆయనే చేసుకుంటున్నారు. అవీ వంకరే. నేను ఏమీ అనను. తింటాను.”

కాసేపటికి నా మెడ దగ్గర వేడిగా మొదలైంది. తర్వాత గొంతులో దురద. ఛాతీ మీద ఎవరో అరచేయి పెట్టినట్టు బరువు. శోభ గదికి అటు చివర ఇంకొకరికి సూది పెడుతోంది. ఆమెను ఎందుకు తొందరపెట్టడం, పని అయ్యాక చెప్దాం అనుకున్నాను. అనుకుని, నాకు నేనే ఉలిక్కిపడ్డాను. నా ఒళ్ళంతా నేర్చుకున్నది ఇదే. పక్కవాళ్ళ పని అయ్యేదాకా ఆగడం. తలుపు బయట నిలబడ్డవాళ్ళకోసం లోపల తొందరపడడం. ఈ మందు అట్లా ఒప్పుకోదు. ఓర్చుకునేవాళ్ళకు ఇది ప్రమాదమట. “సిస్టర్!” అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. శోభ పరుగున వచ్చి మందు ఆపింది, ఇంకేదో ఇంజెక్షన్ ఇచ్చింది, నా వీపు నిమురుతూ నిలబడింది. దురద తగ్గింది, బరువు దిగింది. మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి మరీ నెమ్మదిగా. “మంచి పని చేసినవ్ అమ్మా పిలిచి,” అంది. పిలిచినందుకు ఒకరు నన్ను మెచ్చుకోవడం నా బతుకులో అదే మొదలు.

సీసా అయిపోయాక కూడా కాసేపు కూర్చోబెట్టారు. శోభ సూది తీసి, దూది పెట్టి నొక్కి పట్టుకోమంది. “మల్లోపారి తోడు ఎవరొస్తరు? వాళ్ళ నంబరు చెప్పుండ్రి.”

“తోడు ఎవరొస్తరో చూస్త. కాని నా సంగతి నన్నే అడగాలె. అది కూడ రాసుకో,” అన్నాను.

శోభ రాసుకుంది.

సదానందం వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నేను వస్తుంటే లేచాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే తేలికయ్యేది. బతిమాలే ముఖం పెట్టాడు.

“సరే, అయిందేదో అయింది. ఒక్క సూదికే బాగు కావు గద. బోర్డు తారీఖు వచ్చేదాక ఇంకోటి ఏపిచ్చుకోకు. బోర్డుల మాత్రం, చేతనైతలేదని చెప్పు. నీకేం పోతది? ఇంట్ల కూసుందువు, నిమ్మలంగ.”

ఇంట్లో, నిమ్మలంగా. ఆ ఇంట్లో నేను ఏ రోజు నిమ్మలంగా కూర్చున్నానో గుర్తు తెచ్చుకుందామని చూశాను. 

“బోర్డుకు నేను పోను.”

“ప్రశాంత్ గతేంది మరి?”

“వానికి కాళ్ళున్నయి, చేతులున్నయి, పేగులు మంచిగున్నయి. పనికి పొమ్మను.”

“నువ్వు తల్లివేనా?” అన్నాడు.

ఈ మాట వస్తుందని నాకు తెలుసు. ఇన్నేళ్ళూ ఆ మాట ఎక్కడ వినాల్సి వస్తుందోనన్న భయంతోనే అన్నీ చేశాను. ఇప్పుడు విన్నాను. వింటే ఏమీ కాలేదు. చేతి మీద దూది కింద నెత్తురు ఆగింది, ఎదురుగా లిఫ్టు వచ్చి ఎవరో పిల్లను ఎత్తుకుని దిగారు, ప్రపంచం నడుస్తూనే ఉంది.

“గీ ముచ్చట నేను చెప్పలేను. నీ కొడుకుకు నువ్వే చెప్పుకో,” అని ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు. కొడుకు గొంతు వింటే కరిగిపోతానని ఆయన నమ్మకం. నిజానికి నా భయం కూడా అదే.

“డాడీ, ఆగిందా?” అన్నాడు ప్రశాంత్ ఎత్తగానే.

వాడికి తెలుసు. జ్వరం సంగతి వాడికి ముందే తెలుసు. ఆ పొద్దున నేను ఇస్త్రీ చేసిపెట్టిన చొక్కా వేసుకుంటూ, నా ముఖం చూడకుండా బయటికి ఎందుకు పోయాడో అర్థమైంది.

“నేను మమ్మీని. ఆగలేదు, ఎక్కిచ్చిండ్రు.”

దూది లేని చేతిలోకి ఫోన్ మార్చుకున్నాను.

“ఇను ప్రశాంత్. నేను బోర్డుకు పోతలేను. రెండు వారాలకు మళ్ళ ఇక్కడికే వస్త, ఆ తర్వాత కూడ వస్త. చేతనైతె చదువు పూర్తి చేసుకో, లేకపోతె పని ఎతుక్కో, నేను కాదన. కాని గా నౌకరి మా నాయినది. రిటైరయ్యేదాక ఒక్క డ్యూటీ కూడ ఎవ్వలకియ్య. నేనే చేస్త.”

వాడు, చిన్నప్పటి గొంతుతో, “నొప్పి లేచిందా మమ్మీ?” అని అడిగాడు.

నా కళ్ళు తడవబోయాయి. తడవనివ్వలేదు.

“అది పొద్దుగాల అడగాల్సింది బిడ్డా,” అని ఫోన్ పెట్టేశాను.